వెలుగును మోసికొనివచ్చిన ఎర్రగుంట్ల పేరయ్యగారు

ధ్యానభాగములు: యెషయా 60:1–3, 1 కొరింథీ 1:26–29, 2 కొరింథీ 4:5–7



కొరింథీ సంఘమునకు వ్రాసిన రెండవ పత్రిక నాలుగవ అధ్యాయములో అపొస్తలుడైన పౌలు రెండు సంగతులను పక్కపక్కనే ఉంచెను. ఆదియందు చీకటిలోనుండి వెలుగును పిలిచిన దేవుడే మన హృదయములలో ప్రకాశించెననుట మొదటిది. ఆ వెలుగు మట్టికుండలవంటి మనుష్యులలో ఉంచబడెననుట రెండవది. మొదటి సంగతిని మనము తరచుగా ప్రసంగించుదుము. రెండవదానిమీద అంతగా నిలువము. మట్టికుండ విలువ ఎంతయో సంతకు పోవువారందరికిని తెలియును. అది పగిలినయెడల ఎవరును ఏడ్వరు, పెంకులను దిబ్బమీద పారవేసి మరియొకటి తెచ్చుకొందురు. అట్టి కుండలో దేవుడు తన వెలుగును పెట్టుట ఏమి? ఈ నెల మీ యెదుట ఉంచుచున్న జీవితచరిత్ర ఆ ప్రశ్నకు సంబంధించినది.

ఆయన పేరు ఎర్రగుంట్ల పేరయ్యగారు. తెలుగు బాప్టిస్టు సంఘముల చరిత్ర చదివినవారు ఆయనను ఎరుగుదురు. మన వైపు పేటలలో ఒంగోలు క్లౌ దొరగారి పేరు విన్నవారు అనేకులు కలరు. క్లౌ దొరగారు రాకముందే ఆ పొలమును దున్ని, విత్తనము చల్లి, తరువాత ఆయనను అచ్చటికి పిలుచుకొనిపోయిన పేరయ్యగారి పేరు విన్నవారు కొద్దిమంది. ఇది న్యాయము కాదని నా అభిప్రాయము. మన సంఘచరిత్రలు వ్రాసినవారు దొరల పేర్లకు పెద్ద అక్షరములను వాడి, మనవారి పేర్లకు చిన్న అక్షరములను మిగిల్చిరి.

పేరయ్యగారు ఒంగోలుకు పడమట సుమారు 40 మైళ్ల దూరముననున్న తాళ్లకొండపాడు వాస్తవ్యులు. ఆ ప్రాంతము ఆ దినములలో నెల్లూరు జిల్లాలోనిది. 1970లో ఒంగోలు ముఖ్యపట్టణముగా క్రొత్త జిల్లా ఏర్పడి, తరువాత ప్రకాశం జిల్లా అను పేరు పొందెను. ఆయన పుట్టుకనుబట్టి మాదిగ, వృత్తినిబట్టి తోలు వర్తకుడు. మాదిగపల్లె అనగా ఊరికి వెలుపల, లందతొట్ల వాసన పోని చోటు. చచ్చిన గొడ్డును ఈడ్చుకొనిపోవుట, తోలు ఒలుచుట, తంగేడు చెక్క వేసి ఊనుట, కాపులకు చెప్పులు కుట్టుట, బావి కపిలలకు తోలుబానలు కట్టుట, జాతరలలో డప్పు కొట్టుట, ఇవి ఆ జనులకు నియమింపబడిన పనులు. కూలికి బదులు పంటకాలమున కొంత ధాన్యము, చచ్చిన గొడ్డు మాంసము వారికి దక్కెడివి. వారి తోలుబాన లేనిదే రైతు పొలము తడవదు. అయినను ఆ బానతో తోడిన బావినీటిని వారు తాకరాదు. ఈ విషయమును నేను పొడిగించను. చదువుచున్నవారిలో పెద్దవారికి ఇట్టివి ఒకరు చెప్పనక్కరలేదు.

అట్టి పల్లెలో పుట్టిన ఈయనకు చిన్నతనముననే దేవుని గూర్చిన ఆకలి కలిగెను. పల్లెలోని మాతంగి, అంకమ్మ మొదలైన దేవతల కొలువులు ఆయనకు తృప్తినియ్యలేదు. ఆ కాలమున కృష్ణకు దక్షిణమున పల్లెలలో రాజయోగమును బోధించు గురువులు తిరుగుచుండిరి. పోతులూరి వీరబ్రహ్మముగారి శిష్యపరంపరలోనివారును, వారినిబోలిన మరికొందరును విగ్రహములను ఖండించుచు, దేవుడు ఒక్కడేననియు, ఆయన ఆత్మయనియు, కులము ఆయన యెదుట లెక్కకు రాదనియు చెప్పుచుండిరి. వారు మాలమాదిగలకు సహితము ఉపదేశమిచ్చిరి. పేరయ్యగారు అట్టి ఉపదేశము పొంది, కన్నులు మూసికొని ధ్యానము చేయుచు, లోపల వెలుగు కనబడునేమోయని వెదకుచు అనేక గడియలు కూర్చుండెడివారు. క్రమముగా ఆయనయే గురువై, కొన్ని పల్లెలలో శిష్యులను సంపాదించుకొనిరి.

మనలో కొందరు బోధకులు ఇట్టి గురువులను గూర్చి ప్రసంగపీఠముమీద పరిహాసమాడుదురు. నేను ఆ పని చేయను. తూర్పుదేశపు జ్ఞానులు నక్షత్రములను చూచుచు బెత్లెహేమునకు వచ్చిరి. కొర్నేలీ పేతురును ఎరుగకముందే ప్రార్థన చేయుచుండెను, ఆ ప్రార్థన దేవుని సన్నిధికి చేరెనని లేఖనము చెప్పుచున్నది. చీకటిలో కూర్చుండి దీపము కొరకు తడుముకొనువాడు, చీకటియే చాలునని నిద్రించువానివంటివాడు కాడు. పేరయ్యగారి పూర్వపు వెదకులాట వ్యర్థము కాలేదని ఆయన తరువాతి జీవితమే సాక్ష్యమిచ్చుచున్నది. ఆయనకు శిష్యులైనవారి ఇండ్లే ఆయనకు తరువాత సువార్తకు తెరచిన తలుపులాయెను.

వెలుగు ఆయనకు ఎట్లు దొరికెనో చూడుడి. ఏ దొరయు ఆయన పల్లెకు గుఱ్ఱమెక్కి రాలేదు. తోళ్ల వర్తకము నిమిత్తము ఆయన కృష్ణానది దాటి ఏలూరు వైపునకు పోవుట కలదు. మన రైతులు బెల్లము దిమ్మలను బండ్లమీద వేసికొని అనకాపల్లి బజారుకు పోవునట్లే, ఆ ప్రాంతపు తోలు వర్తకులు బంధువులున్న ఊళ్లను ఆనుకొని ఉత్తరమునకు పోయెడివారు. చర్చి మిషనువారైన ఎఫ్. ఎన్. అలెగ్జాండరు దొరగారు ఏలూరులో పని చేయుచుండిరి. ఆయన పనివలన క్రైస్తవులైన వారిలో పేరయ్యగారి బంధువు ఒకరుండెను. ఆ బంధువు ఇంట, తోళ్ల బేరము మధ్య, పేరయ్యగారు మొదటిసారి క్రీస్తును గూర్చి వినిరి.

ఆయన విన్నది ఏమి? దేవుడు ఆత్మయని ఆయన ముందే ఎరుగును. దేవుడు ఒక్కడేనని ముందే ఎరుగును. ఆ దేవుడు మనుష్యుని వెదకుకొనుచు శరీరధారియై వచ్చెననియు, సుంకరులతోను పాపులతోను కూర్చుండి భోజనము చేసెననియు, ఊరి వెలుపల సిలువమీద చనిపోయెననియు ఏ గురువును ఆయనకు చెప్పలేదు. హెబ్రీ పత్రిక పదమూడవ అధ్యాయములో యేసు గవిని వెలుపల శ్రమపొందెనని వ్రాయబడియున్నది. ఊరి గవినికి వెలుపలనే పుట్టి పెరిగిన మనుష్యునికి ఆ మాట ఎట్లు తగిలియుండునో నేను వర్ణింపజాలను. పండితులు ఆ వచనమునకు అనేక వ్యాఖ్యానములు వ్రాసిరి. మాదిగపల్లెకు వ్యాఖ్యానము అక్కరలేకపోయెను.

బాప్తిస్మము కోరగా ఆయనకు దొరికిన ఆలోచన, ఒంగోలు తన స్వగ్రామమునకు సమీపము గనుక అచ్చటికి రానున్న మిషనరీ కొరకు కనిపెట్టవలెననునది. ఆయన ఇంటికి తిరిగివచ్చిరి. ఒంగోలులో ఆ సమయమున కాపురమున్న దొర ఎవరును లేరు. సంఘము లేదు, కాపరి లేడు, ఆరాధన స్థలము లేదు. కాపరి నెలకొక్కసారి మాత్రమే వచ్చుచున్నాడని సణుగు సంఘములు మనలో ఉన్నవి. అట్టివారు ఇచ్చట కొంచెము ఆగి ఆలోచింపవలెను. పేరయ్యగారు బాప్తిస్మము పొందకముందే, ఎవరును నియమింపకముందే, జీతమను మాట వినకముందే, తన బంధువులకును తన పూర్వపు శిష్యులకును తాను విన్నదానిని చెప్పనారంభించిరి. పల్లె తరువాత పల్లె నడచి, పెండ్లి కబురు చెప్పునట్లు చెప్పిరి.

ఆయనకు తెలియని మరియొక సంగతి ఒంగోలులో ముందే జరిగియుండెను. నెల్లూరులోని అమెరికా బాప్టిస్టు మిషను ఆ దినములలో దాదాపు మూతబడు స్థితిలోనుండెను. శామ్యూల్ డే దొరగారు 1836లో మన విశాఖపట్నమునకు వచ్చి, శ్రీకాకుళములో కొంతకాలముండి, మద్రాసుమీదుగా 1840లో నెల్లూరు చేరిరి. సంవత్సరములు గడచినను విశ్వాసులు వ్రేళ్లమీద లెక్కింపదగినంతమందియే. 1853లో అమెరికాలోని ఆల్బనీ పట్టణమున కూడిన సభలో ఆ మిషనును మూసివేయుటను గూర్చి చర్చ జరిగెను. పటములో ఒంటిగా మెరయుచున్న నక్షత్రమని ఒకరు ఆ మిషనును వర్ణింపగా, స్మిత్తు అను కవి దానిమీద పద్యము వ్రాసెను. సభవారి మనస్సు మారి మిషను నిలిచెను. కొద్ది నెలలకే, 1854 జనవరి 1వ తేదీ తెల్లవారకముందు, లైమన్ జెవెట్ దొరగారు, వారి భార్యయు, నరసు, జూలియా, రూతు అను తెలుగు విశ్వాసులు ముగ్గురును ఒంగోలు కొండ ఎక్కిరి. అయిదుగురు మాత్రమే. సూర్యుడు ఉదయించువేళ వారు మోకరించి, కనబడుచున్న ఆ మైదానమంతటికిని ఒక సువార్తికుని పంపుమని దేవుని వేడుకొనిరి. నేటికిని ఒంగోలువారు దానిని ప్రార్థన కొండ అందురు.

కొండమీద ఆ అయిదుగురు తూర్పు ఎఱ్ఱబడుట చూచుచున్న సంవత్సరములలోనే, పడమట నలువది మైళ్ల దూరమున పేరయ్యగారు కన్నులు మూసికొని వెలుగును వెదకుచుండిరి. ఒకరి సంగతి ఒకరికి తెలియదు. ప్రార్థనకు జవాబు ఓడమీద వచ్చునని కొండమీదివారు తలంచియుండవచ్చును. జవాబులో సగము తోళ్ల మూట మోయుచు అప్పటికే ఆ పొలములలో నడచుచుండెను.

1866లో జెవెట్ దొరగారు నెల్లూరునుండి ఒంగోలుకు వచ్చినపుడు పేరయ్యగారును వారి భార్య నాగమ్మగారును ఆయనయొద్ద బాప్తిస్మము పొందిరి. అదే సంవత్సరము సెప్టెంబరు 17న జాన్ ఎవరెట్ క్లౌ దొరగారు కాపురమునకై ఒంగోలు చేరిరి. ఆయనకు అప్పటికి ముప్పది సంవత్సరములు. అమెరికాలో భూములు కొలుచు సర్వేయరు పని చేసినవారు, గట్టి మనిషి. పేరయ్యగారు ఆయనయొద్దకు పోయి, తన వైపు పల్లెలలో విశ్వసించినవారు అనేకులున్నారు, వచ్చి చూడుమని బ్రతిమాలిరి. ఇది మామూలు క్రమమునకు తలక్రిందులు. మిషనరీ పోయి ప్రజలను పిలుచుట వాడుక. ఇచ్చట ప్రజలే సిద్ధపడి మిషనరీని పిలిచిరి.

1867 జనవరి 1న ఒంగోలు సంఘము ఎనిమిదిమంది సభ్యులతో స్థాపింపబడెను. ఆ మొదటి వారమంతయు వారు ప్రార్థనలో గడపిరి. పిమ్మట క్లౌ దొరగారు తాళ్లకొండపాడుకు పయనమైరి. ఊరి యొద్ద చింతతోపులో గుడారము వేయబడెను. చుట్టుపట్ల పల్లెలనుండి పురుషులును స్త్రీలును వచ్చిరి. వారు ఒక్క పూట విని పోవుటకు వచ్చినవారు కారు. తిండికి మూటలు కట్టుకొనిరి, బాప్తిస్మమునకై మార్చుకొను ఉతికిన బట్టలుకూడ తెచ్చుకొనిరి. ఎన్ని దినములైనను ఉండి వినవలెనని వచ్చిరి. క్లౌ దొరగారు ఆశ్చర్యపడి, పగలు బోధించుచు, ఒక్కొక్కరిని పిలిచి ప్రశ్నించుచు అచ్చట కొన్ని దినములు గడపిరి. తాను చెప్పబూనిన అనేక సంగతులు వారికి ముందే తెలియునని ఆయన కనుగొనిరి. ఎవరివలన తెలిసెనో వేరుగా చెప్పనక్కరలేదు. జనవరి 20వ తేదీ ఆదివారమున 28 మంది బాప్తిస్మము పొందిరి.

చింతతోపులో గుడారము ముందు పేరయ్యగారు ఎచ్చట కూర్చుండియుందురోయని నేను అప్పుడప్పుడు ఆలోచించుదును. అందరికంటె ముందు కూర్చుండియుందురా? వచ్చినవారికి నీళ్లు, నీడ చూచుచు వెనుక నిలిచియుందురా? ఆయనను ఎరిగినవారు చెప్పినదానినిబట్టి ఆయన నిదానస్థుడు, అందరిచేతను పెద్దగా ఎంచబడినవారు. వెనుకనే ఉండియుందురని నా ఊహ.

క్లౌ దొరగారికి అసలు పరీక్ష ఒంగోలుకు తిరిగివచ్చిన తరువాత ఎదురాయెను. పట్టణములోని బ్రాహ్మణ పెద్దలు తమ పిల్లలకు బడి కావలెనని కోరగా ఆయన బడి తెరచియుండిరి. పెద్ద కులములవారు మొదట వచ్చినయెడల మిగిలినవారు వెనుక రాగలరని ఆ కాలపు మిషనరీలలో అనేకుల ఆశ. ఇప్పుడు మాదిగలు సంఘములో చేరిరి. వారి పిల్లలును బడికి వచ్చిరి. వారు వచ్చినయెడల మేము రామని పెద్దలు ఖండితముగా చెప్పిరి. ఎవరిని విడువవలెను? ఆ కలతలో క్లౌ దొరగారు తన గదిలో ఒక బైబిలును చేతికి తీసికొనగా అది కొరింథీయుల మొదటి పత్రిక మొదటి అధ్యాయపు చివరి భాగమున తెరచుకొనెను. లోకములో ఎన్నికలేనివారిని, తృణీకరింపబడినవారిని దేవుడు ఏర్పరచుకొనెనని పౌలు వ్రాసిన భాగమది. దొరసానిగారు వేరొక గదిలో అదే దినమున అదే భాగమును చదివి, ఆ మాట చెప్పుటకు భర్తయొద్దకు వచ్చిరి. ఇద్దరును దానిని దేవుని ఆజ్ఞగా తీసికొనిరి. బ్రాహ్మణ బాలురు బడి విడిచిపోయిరి. మాదిగ పిల్లలు ఉండిరి.

బైబిలు ఎచ్చట తెరచుకొనిన అదియే జవాబు అని భావించుటను నేను మీకు అలవాటుగా నేర్పను. అయితే ఆ దంపతులు ఆ భాగమునకు లోబడుటవలన కలిగిన నష్టమును సహించిరి. సులభమైన దారి కోరువాడు తనకు నష్టము తెచ్చు వచనమును చూపుకొనడు.

క్రొత్త విశ్వాసులకు పెట్టబడిన నియమములు మూడే: ఆదివారమున పని చేయరాదు, చచ్చిన గొడ్డు మాంసము తినరాదు, విగ్రహములకు మ్రొక్కరాదు. వినుటకు చిన్నవి. పల్లెలో ఒక్కొక్కటి ఒక్కొక్క యుద్ధమాయెను. కోతల కాలమున ఆదివారము రానన్న మాదిగను కాపు క్షమింపడు. చచ్చిన గొడ్డు వద్దన్నయెడల, తరతరములుగా దానితో ముడిపడిన ధాన్యపు వంతుకు ముప్పు. జాతరలో డప్పు కొట్టనన్నయెడల ఊరంతయు పగ. కావున బావులు మూయబడెను, అంగడివాడు సరకు అమ్మడాయెను, చాకలియు కుమ్మరియు రాకుండ కట్టడి చేయబడెను, పశువులు తోలుకొనిపోబడెను, అబద్ధపు కేసులు పెట్టబడెను, దెబ్బలును తగిలెను. కరణము మునసబులే ఎదురు నిలిచినపుడు వారు ఎవరితో మొరపెట్టుకొందురు? అనేకులు నిలిచిరి. నిలువలేక వెనుదీసినవారును లేకపోలేదు. వారిని నిందించుటకు నాకు నోరు రాదు.

పేరయ్యగారు ఆ సంవత్సరములలో ఆ పల్లెలన్నింటికి పెద్ద దిక్కుగానుండిరి. వారును నాగమ్మగారును పల్లెపల్లెకు నడచి, దెబ్బలు తిన్నవారి ఇండ్లలో కూర్చుండి, వారితో కలిసి గంజి త్రాగి, ప్రార్థన చేసిరి. తమ తరువాత లేచిన బోధకులకు ఆయన పెద్దన్నవంటివారు. ఆ బోధకులలో అనేకులు ఆయనవలెనే ముందు యోగగురువులయొద్ద దేవుని వెదకినవారు. వారి జ్ఞాపకములను క్లౌ దొరగారి రెండవ భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ అమ్మగారు విని, 1899లో ఒక పుస్తకముగా అచ్చువేయించిరి. చెప్పులు కుట్టుచు చెప్పుకొను కథలని దాని పేరునకు భావము. మాదిగల పురాణములు, గురువులు, వారి ఆశలు అందులో ఉన్నవి. మనవారి మాటలను విని వ్రాయు ఓపిక ఆమెకు కలిగినందుకు నేను దేవునికి వందనములు చెల్లించుదును.

ఇక కరవు సంగతి. 1876లో వానలు తప్పెను. మద్రాసు రాజధానియంతట 1878 వరకు ఘోరమైన క్షామము నిలిచెను. క్లౌ దొరగారు తన సర్వేయరు విద్యను వాడి, బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకమును గుత్తకు తీసికొని, ఆకలిగొన్నవారికి కూలి కల్పించిరి. క్రైస్తవులకు మాత్రమే అని కాదు, వచ్చినవారికందరికిని. ఒంగోలు మిషను బోధకులు ఆ పనిలో మేస్త్రీలుగా నిలిచిరి. మట్టి తట్ట దించి కూర్చుండిన కూలివానికి, ఆ విశ్రాంతి వేళలో క్రీస్తును గూర్చి చెప్పుటయే వారి రెండవ పని. తిట్టక కొట్టక పని చేయించు మేస్త్రీని అనేకులు అచ్చట మొదటిసారి చూచిరి. వారి నోటి బోధకంటె ముందు అది బోధించెను.

కూటికొరకు మతము మారిరని మన జనులను ఎత్తిపొడుచుట మీరు విన్నదే. చావడి దగ్గర విందురు, బస్సులో విందురు, పిల్లలు బడిలో విందురు. మన యువకులు ఆ మాటకు తల దించుకొనుట నేను చూచితిని. వారు ఈ తేదీలు తెలిసికొనవలెను. తాళ్లకొండపాడు చింతతోపులో ఆ 28 మంది బాప్తిస్మము పొందినది 1867లో, కరవుకు తొమ్మిది సంవత్సరములు ముందు. వారికి దొరికినది కూడు కాదు, ఉన్న కూటికే ముప్పు. కరవు సహాయము జరుగుచున్న కాలమున క్లౌ దొరగారు సుమారు పదునైదు నెలలు ఎవరికిని బాప్తిస్మమియ్యలేదు. గుంపులు వచ్చి అడిగినను నిరాకరించిరి. ఇక పంచిపెట్టుటకు పైకము లేదని తెలియజేసిన తరువాతనే, 1878 జూన్ నెలలో, తలుపు తెరచిరి.

అప్పుడు వచ్చినవారిని ఒంగోలు బంగళా ఆవరణము పట్టలేదు. ఊరిలో వ్యాధి భయముకూడ ఉండెను. గనుక ఉత్తరమున పది మైళ్ల దూరములో గుండ్లకమ్మ ఒడ్డుననున్న వెల్లంపల్లికి వారిని మరల్చిరి. జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 701 మంది బాప్తిస్మము పొందిరి. మూడు దినములకు 3,537. అభిషేకము పొందిన తెలుగు బోధకులు ఆరుగురు, ఇద్దరి తరువాత ఇద్దరుగా నీటిలో నిలిచి బాప్తిస్మమిచ్చిరి. ఉదయమున ఆరు గంటలకు ప్రారంభించి, ఎండవేళ ఆగి, మరల సాయంకాలము వరకు. క్లౌ దొరగారు ఒడ్డున నిలిచి క్రమము చూచిరిగాని నీటిలో దిగలేదు. ఒక్కొక్క పల్లె జనము తమ బోధకుని వెంట నిలిచియుండెను. ఆ బోధకుడు వారిని పేరుపేరున ఎరుగును, వీరు నిజముగా విశ్వసించినవారని చెప్పవలసిన బాధ్యత అతనిదే. ఆ సంవత్సరాంతమునకు లెక్క 9,606.

ఈ లెక్కలను మిషను చరిత్రలన్నియు గొప్పగా చెప్పును. నాకు మాత్రము 2,222 కంటె 28 పెద్దదిగా కనబడును. వెల్లంపల్లికి వచ్చినవారు వేలమందిలో ఒకరుగా వచ్చిరి. చింతతోపులో చేరినవారు తమ ఊరి కాపులను, కరణమును, తమ సొంత కులపెద్దలను ఒంటిగా ఎదిరించి వచ్చిరి. వారికి ముందు ఒక్క మనుష్యుడు మాత్రమే ఆ త్రోవ నడచియుండెను.

మనది ఉత్తర సర్కారుల సీమ, ఒంగోలు మనకు దూరదేశమని కొందరు అనవచ్చును. క్లౌ దొరగారు 1872లో సెలవుమీద అమెరికాకు పోయినపుడు ఒంగోలు పనిని చూచినవారు కెనడా దేశస్థులైన జాన్ మెక్లారిన్ దొరగారు. పేరయ్యగారును ఇతర బోధకులును వెలిగించిన ఆ పల్లెలలో ఆయన తిరిగి, తెలుగువాడు తెలుగువానికి చెప్పినప్పుడు సువార్త ఎట్లు ప్రాకునో కన్నులార చూచిరి. ఇంతలో కాకినాడలో థామస్ గాబ్రియేలుగారు, టెలిగ్రాఫు ఆఫీసు ఉద్యోగము విడిచి తనంతట తానే సువార్తపని ప్రారంభించిన తెలుగు క్రైస్తవుడు, సహాయము కొరకు కెనడా బాప్టిస్టులకు మొరపెట్టుకొనిరి. ఆ పిలుపు విని 1874 మార్చి నెలలో మెక్లారిన్ దొరగారు ఒంగోలు విడిచి కాకినాడ చేరిరి. గాబ్రియేలుగారు 1875 జనవరి 1న ప్రభువునందు నిద్రించిరి. కాకినాడనుండి ఆ పని తునికి, తుని తరువాత యలమంచిలికి, నర్సీపట్నమునకు వచ్చెను. నర్సీపట్నమునుండి మన రోలుగుంట ఎంత దూరమో నడచినవారికి తెలియును.